తక్కువ ఖర్చులో దెయ్యం: షార్ట్ ఫిల్మ్‌కి హారర్ ఎఫెక్ట్స్ ఇంట్లోనే ఎలా చేయాలి

హైదరాబాద్‌లో సినిమావాళ్ల పేట కృష్ణానగర్‌లో ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా హారర్ కథ చెప్పేవాళ్లు ఇద్దరైనా దొరుకుతారు. ప్రేమకథకి మంచి మొహాలు కావాలి, యాక్షన్‌కి డబ్బు కావాలి. హారర్‌కైతే ఒక ఖాళీ ఫ్లాటూ ఒక రాత్రీ చాలనుకుంటాం. తీరా రాత్రి మూడింటికి మొహం నిండా పౌడర్ కొట్టుకున్న అమ్మాయి కెమెరా ముందు నిలబడ్డాక తెలుస్తుంది, అది దెయ్యంలా లేదు, స్కూల్ వార్షికోత్సవంలో నాటకంలా ఉందని. మోతీనగర్‌లో ఫ్రెండ్ ఫ్లాట్‌లో తీసిన నా మొదటి షార్ట్ ఫిల్మ్‌లో జరిగింది అదే. యూనిట్ అంతా నవ్వింది. దెయ్యం కూడా నవ్వింది.

తర్వాత తీసిన నాలుగు ఫిల్ముల్లో మెల్లగా ఒక సంగతి ఒంటబట్టింది. ఎఫెక్ట్ నిజంలా ఉండక్కర్లేదు. కెమెరా పెట్టిన ఆ ఒక్క చోటి నుంచి, రెండే రెండు సెకన్లు నిజంలా ఉంటే చాలు. గాయం అవతలి వైపు ఎలా ఉందో, తలుపు లాగిన దారం ఎవరి చేతిలో ఉందో ప్రేక్షకుడికి అక్కర్లేదు. విఠలాచార్య గారి జానపదాల్లో అస్థిపంజరాలు ఆడాయి, దెయ్యం పొయ్యిలో కట్టెల బదులు కాళ్లు పెట్టి వంట చేసింది. అప్పటికి మన సినిమాల్లో కంప్యూటర్ గ్రాఫిక్స్ లేవు. ఆయన పొదుపు గురించి సినిమావాళ్లు ఇప్పటికీ కథలు చెప్పుకుంటారు.

ముందు కాగితం మీద లెక్క

స్క్రిప్ట్ తీసి, ఎఫెక్ట్ ఉన్న ప్రతి చోటా ఎర్ర పెన్నుతో గీత కొట్టండి. పక్కనే నాలుగు విషయాలు రాయండి: కెమెరా ఎటు ఉంటుంది, షాట్ ఎన్ని సెకన్లు, వెలుతురు ఎక్కణ్నుంచి వస్తుంది, ఏ శబ్దం వినిపిస్తుంది. ఈ నాలుగూ రాయలేకపోతే ఆ ఎఫెక్ట్ ఇంకా మీ బుర్రలోనే తయారు కాలేదు, డబ్బు పెట్టకండి.

ఒక ఉదాహరణ చూద్దాం. "ఆమె మణికట్టు కోసుకుంటుంది" అని ఒక్క లైను రాసుకున్నారు. షాట్లుగా విడగొడితే ఇవి మూడు: చెయ్యి కత్తి వైపు వెళ్లడం, ఆమె మొహం, తెల్ల టైల్స్ మీద పడే చుక్కలు. కత్తి చర్మానికి తగలడం ఎక్కడా చూపించక్కర్లేదు. అంటే గాటు ఎఫెక్ట్ లిస్టులోంచి పోయింది, నాలుగు చుక్కల రక్తం మిగిలింది. కత్తి కూడా పదును లేనిదైతే సరిపోతుంది. నటుల చేతికి నిజం కత్తి ఎప్పుడూ ఇవ్వకండి. అట్టముక్కకి అల్యూమినియం ఫాయిల్ చుట్టినా మసక వెలుతురులో మెరుస్తుంది. పది నిమిషాల ఫిల్మ్‌లో పెద్ద ఎఫెక్టులు మూడు దాటితే నేనైతే స్క్రిప్టే మార్చుకుంటాను.

లొకేషన్ దగ్గర చాలామంది గోల్కొండ అంటారు. అది కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం, అనుమతి లేకుండా షూటింగ్ కుదరదు. అయినా మీ అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి ఏమైంది? రాత్రి పన్నెండుకి పార్కింగ్‌లో ఒక్క ట్యూబ్‌లైట్ కింద, కవర్లు కప్పిన బైకుల మధ్య రెండు నిమిషాలు నిలబడి చూడండి. టెర్రస్ మీద వాటర్ ట్యాంక్, తలుపు మూసుకోని లిఫ్ట్, ఎవరూ ఉండని 402 నంబరు ఫ్లాట్ ఇవన్నీ మన ప్రేక్షకుడు రోజూ దాటిపోయేవే, అందుకే పని చేస్తాయి.

ముందురోజే అపార్ట్‌మెంట్ సెక్రటరీకి ఒక కాగితం రాసి ఇవ్వండి, వాచ్‌మన్‌కి నోటితో చెప్పండి. మా రెండో షూటింగ్‌లో నెత్తుటి చొక్కాతో మా హీరో టీ తాగడానికి కిందకి దిగాడు. ఎదురింట్లో ఎవరో చూసి 100కి ఫోన్ చేశారు. పెట్రోలింగ్ వాళ్లకి స్క్రిప్ట్ చూపించి, రక్తం నాకి చూపించి బయటపడ్డాం. గంటన్నర పోయింది. రక్తం పూసిన మనిషి గేటు దాటాలంటే చొక్కా మార్చుకోవాలి, ఇది ఇప్పుడు మా యూనిట్‌లో రూలు.

బజారు పని

లైట్లూ వైర్లూ హోల్డర్లూ ట్రూప్ బజార్‌లో దొరుకుతాయి. మైకు, కేబుల్, చిన్న ఎల్‌ఈడీ స్ట్రిప్పుల కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లండి. రంగులు, గ్లిజరిన్, ప్లాస్టిక్ సామాను బేగంబజార్. పాత గోడ గడియారం, తుప్పు పట్టిన తాళం, చెయ్యి విరిగిన బొమ్మ లాంటివి కావాలంటే ఎర్రగడ్డలో ఆదివారం, జుమేరాత్ బజార్‌లో గురువారం తిరగాలి. విగ్గులూ మేకప్ సామానూ కృష్ణానగర్, యూసఫ్‌గూడ చుట్టుపక్కలే. ఒక సలహా: "సినిమాకి" అనకండి. ఆ మాట వినగానే రేటు మారిపోతుంది.

వెలుతురు: తీసేయడమే పని

హారర్‌లో లైటింగ్ అంటే లైట్లు పెట్టడం కంటే ఆపేయడం ఎక్కువ. గదిలో ఉన్నవన్నీ ఆర్పేసి ఒక్కటి వెలిగించండి. ఆ ఒక్కటీ కథలో కారణం ఉన్న లైటు కావాలి: దేవుడి గది బల్బు, సగం తెరిచిన ఫ్రిజ్, ఫోన్ స్క్రీన్.

రాత్రి వెన్నెల కావాలంటే నీలం కాగితం అక్కర్లేదు. షాపులో రెండు రకాల ఎల్‌ఈడీ బల్బులు ఉంటాయి, 6500కె తెల్లది, 3000కె పసుపుపచ్చది (కె అంటే కెల్విన్, వెలుతురు రంగుకి కొలత). కెమెరా వైట్ బ్యాలెన్స్‌ని, అంటే ఏ రంగు వెలుతురుని తెల్లగా చూపాలో చెప్పే సెట్టింగ్‌ని, చేత్తో 3200 దగ్గర పెట్టండి. తెల్ల బల్బు వెన్నెల నీలంగా మారిపోతుంది, పసుపు బల్బు మామూలు ఇంటి దీపంలా ఉంటుంది. తెల్ల బల్బుని కిటికీ బయట, గ్రిల్ అవతల పెడితే గోడ మీద ఊచల నీడలు ఉచితంగా వస్తాయి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదిలేస్తే మాత్రం మీ కష్టమంతా ఫోనే సరిదిద్దేసి తెల్లగా చేసేస్తుంది.

మన కరెంటు 50 హెర్ట్జ్. అందుకే సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ వేగం సెకనులో 1/50 వంతు పెట్టుకుంటే బల్బుల కింద తెరమీద పాకే చారలు చాలావరకు రావు. ఫోన్‌తో తీసేవాళ్లు ఇవన్నీ చేత్తో మార్చుకునే కెమెరా యాప్ వేసుకోవాలి.

లైటు మిణుకుమిణుకుమనాలంటే స్విచ్‌తో ఆడకండి, అందులో భయం పుట్టదు, బల్బు మాడుతుంది. లైటు ముందు అట్టముక్కని చేత్తో ఊపండి. రెండు సార్లు త్వరగా, ఒకసారి ఆగి, మళ్లీ ఒకసారి. లయ దొరికితే ఎవరో కావాలని చేస్తున్నట్టు ఉంటుంది. నీడల సంగతి తోలుబొమ్మలాట చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. చెయ్యి దీపానికి దగ్గరయ్యే కొద్దీ గోడ మీద నీడ పెరుగుతుంది. దీపం ఎంత చిన్నదైతే నీడ అంచు అంత పదునుగా ఉంటుంది. కాబట్టి నీడల షాట్‌కి డిఫ్యూజర్ (వెలుతురుని పరిచే మసక మూత) తీసేసిన చిన్న టార్చ్ వాడండి.

పొగకి సాంబ్రాణి చాలు. రెండు కప్పులు వెలిగించి, కిటికీలు మూసి, పొగ గదంతా పరుచుకున్నాక ఫ్యాన్ ఆపి తీయండి. లైటు వెనక నుంచి పడితేనే పొగ కనిపిస్తుంది, ముందు నుంచి వేస్తే కనపడదు. పది నిమిషాలకోసారి తలుపులు తీయండి, ఆస్తమా ఉన్నవాళ్లని ఆ షాట్‌కి బయట కూర్చోబెట్టండి. డ్రై ఐస్ పొగ నేల మీద పాకుతూ అందంగానే ఉంటుంది. కానీ అది సున్నాకి 78 డిగ్రీలు కింద ఉండే గడ్డ, ముట్టుకుంటే చర్మం పోతుంది. దాన్నుంచి వచ్చేది కార్బన్ డయాక్సైడ్, గాలి కంటే బరువు. బాత్‌రూమ్ లాంటి మూసిన చోట, కార్లో వాడకండి. నేల మీద పడుకున్న నటుడు ఉన్న షాట్‌లో అసలే వద్దు.

రక్తం

టొమాటో సాస్ అన్న మాట మర్చిపోండి. రూహ్ అఫ్జా కూడా. మా కుర్రాడు రంజాన్ టైంలో రెండు సీసాలు తెచ్చి పోశాడు, తెరమీద చూస్తే హీరో మీద ఎవరో షర్బత్ ఒలకబోసినట్టు ఉంది. రక్తం పారదర్శకంగా ఉండదు. ఆ సంగతి పట్టుకుంటే మిగతాది వంటే.

బేకరీ సామాన్లు అమ్మే షాపులో లిక్విడ్ గ్లూకోజ్ దొరుకుతుంది. ఒక కప్పు తీసుకోండి. చెంచాడు కోకో పొడిని నాలుగు చెంచాల గోరువెచ్చని నీళ్లలో ముందే ఉండలు లేకుండా కలిపి అందులో పోయండి. ఆ గోధుమ రంగు మందమే రక్తానికి చిక్కదనం ఇస్తుంది. తర్వాత ఎరుపు ఫుడ్ కలర్ కొంచెం కొంచెంగా వేయండి. బిర్యానీలో వాడే కేసరి రంగు తెచ్చుకోకండి, అది నారింజ వైపు పోతుంది. చివర్లో ఆకుపచ్చ రంగు ఒకే ఒక్క చుక్క. ఆ చుక్కతో ఎరుపులోని బొమ్మల రంగు పోయి లోతు వస్తుంది. రెండో చుక్క వేస్తే బురద.

గ్లూకోజ్ దొరక్కపోతే గ్లాసుడు నీళ్లలో రెండు చెంచాల కార్న్‌ఫ్లోర్ కలిపి గంజిలా కాచి చల్లార్చండి. చల్లారాక ఇంకా చిక్కబడుతుంది, అందుకే పొయ్యి మీద కాస్త పల్చగా ఉండగానే దించాలి. ఇది మెరవదు, ఎండిన రక్తానికి పనికొస్తుంది. రెండు మూడు గంటల పాత రక్తం కావాలంటే ఇందులోనే చిక్కటి కాఫీ డికాషన్ కలపండి.

ఇవి నోట్లోకి వెళ్లినా ఫర్వాలేదు. చొక్కాల మీదకి వాడే గిన్నెలో మాత్రం గిన్నెలు తోమే లిక్విడ్ సబ్బు రెండు చుక్కలు వేస్తే ఉతికినప్పుడు మరక తేలిగ్గా వదులుతుంది. ఆ గిన్నె మీద పెద్ద అక్షరాలతో "నోట్లోకి కాదు" అని రాసి పెట్టండి. అద్దె ఇల్లయితే గోడకీ టైల్స్ సందులకీ ఒక మూల చుక్క వేసి తుడిచి చూశాకే మొదలుపెట్టండి. డిస్టెంపర్ గోడ మీద పడిన ఫుడ్ కలర్ ఓనర్‌కి కనిపించకుండా పోవడం కష్టం.

ఇంకో మాట. రాత్రి షూటింగ్ అయిపోయాక రక్తం గిన్నెని వంటింటి గట్టు మీద వదిలి పడుకున్నాం. పొద్దున లేచేసరికి ప్యాకప్ చేయని ఆ సెట్టులో నిజమైన హారర్ నడుస్తోంది. గిన్నె నుంచి సోఫా దాకా, సోఫా మీద నెత్తుటి దుప్పటి దాకా చీమల బారు. గ్లూకోజ్ కదా మరి. మిగిలింది సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, పూసినదంతా ఆ రాత్రే తుడిచేయండి.

నీలం వెలుతురులో ఎరుపు నల్లగా కనిపిస్తుందని గుర్తుంచుకోండి. వెన్నెల సీన్‌లో రక్తం రంగు గురించి తల బద్దలు కొట్టుకోవడం దండగ, అక్కడ మెరుపే ముఖ్యం. వెనక నుంచి చిన్న లైటు వేస్తే తడి మెరిసి రక్తమని తెలిసిపోతుంది.

పసుపు గుడ్డ మీద పుట్టే మరక

ఇది నాకు బాగా ఇష్టమైన ఎఫెక్ట్. దీనికయ్యే ఖర్చు ఇరవై రూపాయలు కూడా ఉండదు. పసుపు మరక పడిన చొక్కాని సబ్బుతో రుద్దితే మరక ఎర్రగా మారడం మీ ఇంట్లో అందరూ చూసే ఉంటారు. దిష్టి తీసే ఎర్రనీళ్లు పసుపూ సున్నమూ కలిపి చేసేవే. పసుపులో ఉండే కర్కుమిన్ క్షారం తగిలితే ఎర్రబడుతుంది. ఊళ్లలో హేతువాదులు బాబాల మహిమల గుట్టు విప్పేటప్పుడు చేసి చూపించేవాటిలో ఇదీ ఒకటి. మనం దాన్ని మళ్లీ దెయ్యానికి అప్పగిస్తున్నాం, అంతే.

తెల్ల కాటన్ గుడ్డని పసుపు నీళ్లలో ముంచి నీడలో ఆరబెట్టండి. పూజకి వాడే పసుపు గుడ్డలా ఉంటుంది. దాన్ని ఒక అట్ట ఫ్రేముకి లేదా దిండుకి బిగించి, వెనక వైపు నుంచి చిన్న గొట్టం పెట్టండి. బట్టల సోడా కలిపిన నీళ్లని సూది తీసేసిన సిరంజితో మెల్లగా ఎక్కించండి. కెమెరా ముందు వైపు నుంచి చూస్తుంటే, ఎవరూ ముట్టుకోకుండా గుడ్డ మధ్యలో ఎర్రటి చుక్క పుట్టి, అంచులు పాకుతూ అరచేయంత అవుతుంది. కట్ లేదు, గ్రాఫిక్స్ లేదు. వంటసోడాతోనూ వస్తుంది గానీ రంగు వెలవెలబోతుంది. గుడ్డ ఎంత పాతబడి మెత్తగా ఉంటే అంత సమంగా పాకుతుంది. కొత్త గుడ్డకి గంజి ఉంటుంది కాబట్టి ఒకసారి ఉతికి వాడండి.

దీనికో తోక కూడా ఉంది. ఆ ఎర్ర మరక మీద నిమ్మరసం పిండితే మళ్లీ పసుపు రంగులోకి తిరుగుతుంది. అంటే మంత్రగాడు నిమ్మకాయ పిండగానే నెత్తుటి మరక మాయమయ్యే షాట్ కూడా మీ చేతిలోనే ఉంది. సోడా బలమైన క్షారం, దీన్ని గుడ్డ మీదే చేయండి, ఒంటి మీద వద్దు, కళ్లకి తగలనివ్వకండి. ఒంటి మీద కావాలంటే మామూలు స్నానం సబ్బు నీళ్లతో ప్రయత్నించండి. రంగు తక్కువే వస్తుంది, దగ్గరి షాట్‌కి అది చాలు.

చర్మం, గాయం

బయటి దేశాల ట్యుటోరియల్స్ చూసి మొహానికి తెలుపు పూయకండి. మన చామనఛాయ మీద తెలుపు పిండిలా తేలుతుంది. ప్రాణం పోయిన మన చర్మం బూడిద వైపు వెళ్తుంది. విభూతిని మాయిశ్చరైజర్‌లో కలిపి పల్చగా రాయండి. పెదవుల మీద ఫౌండేషన్ రాసి వాటి రంగు చంపేయండి. కాటుకని బొటనవేలితో కంటి కింద, ముక్కు పక్కన నొక్కి చెరపండి. చెవులూ మెడా చేతులూ మర్చిపోవడం అందరూ చేసే తప్పు. మొహం శవంలా, చేతులు ఆఫీసుకెళ్లేవాళ్లలా ఉంటాయి.

గాయానికి టిష్యూ పేపర్ పొరలుగా చించి, ఒక్కో పొర మీద లిక్విడ్ లేటెక్స్ (ఆరితే రబ్బరు పొరలా అయ్యే ద్రవం) రాస్తూ అతికించండి. ఆరాక మధ్యలో చించి అంచులు పైకి లేపితే చీలిన చర్మం. లోపల ముదురు ఎరుపు, దాని మధ్యలో కొంచెం నలుపు వేస్తే లోతు కనిపిస్తుంది. ముందురోజు ముంజేతి లోపలి వైపు చుక్క రాసి చూడండి, లేటెక్స్ కొందరికి పడదు. కనుబొమల మీదా వెంట్రుకల మీదా వాసెలిన్ రాయకుండా లేటెక్స్ పెడితే తీసేటప్పుడు అరుపులు నిజంగానే వస్తాయి.

కుళ్లిన చర్మానికి వంటింటి డబ్బాలు తీయండి. లేటెక్స్‌లో కలిపిన అటుకులు పొలుసులు. నానబెట్టిన సగ్గుబియ్యం నీటి బొబ్బలు. ఉడికించి నూనె రాసిన సేమ్యా పురుగులు, పక్క నుంచి దారంతో ఒకటి రెండు లాగితే కదులుతాయి కూడా. మా అమ్మ ఆ షూటింగ్ తర్వాత నెల రోజులు సేమ్యా పాయసం చేయలేదు.

జెలటిన్‌తో చేసే గాయాలు ఇంకా బాగుంటాయి. జెలటిన్ పొడి, గ్లిజరిన్, నీళ్లు సమపాళ్లలో కరిగించి, నూనె రాసిన స్టీలు పళ్లెంలో పోసి, చల్లారాక ఒలిచి అతికిస్తారు. పసిపిల్లల పాలలాగా మణికట్టు మీద వేడి చూసుకోకుండా ఎవరి చర్మానికీ తగిలించకండి. జెలటిన్ జంతువుల నుంచి వచ్చేది, నటుడు శాకాహారైతే ముందే అడగండి. ఇక హైదరాబాద్ ఎండాకాలం సంగతి. ఏప్రిల్‌లో టెర్రస్ మీద తీస్తుంటే మా విలన్ చెంప మీది గాయం మూడో టేక్‌కి గడ్డం దగ్గరికి జారింది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా జెలటిన్, ఆ తర్వాత లేటెక్స్.

చవక రంగు కాంటాక్ట్ లెన్సుల జోలికి వెళ్లొద్దు. కంటికి ఇన్ఫెక్షన్ వస్తే షార్ట్ ఫిల్మ్ కాదు, లాంగ్ ఫిల్మ్ అవుతుంది. కళ్లు తెల్లగా మార్చడం ఎడిటింగ్‌లో చూసుకోవచ్చు, లేదా కళ్లు నీడలో పెట్టేయొచ్చు.

తనంతట తానే కదిలేవి

చేపలు పట్టే గాలం దారం కొనండి. పతంగుల మాంజా వద్దు, వేళ్లు తెగుతాయి, చైనా మాంజా మీద నిషేధం కూడా ఉంది. దారం లైటుకి మెరుస్తుంటే నల్ల మార్కర్‌తో ఒకసారి రుద్దండి. తలుపుకైతే దారం కింది భాగానికి కట్టి నేల వెంబడి లాగాలి, కెమెరాని కొంచెం పైకి ఎత్తి పెట్టాలి. ఒక్క ఊపున లాగకండి. రెండంగుళాలు లాగి ఆపండి. చూసేవాడు గాలేమో అనుకుంటాడు. అప్పుడు మిగతాది లాగండి.

ఉల్టా నడక కూడా ఖర్చు లేనిదే. నటి వెనక్కి నడుస్తుంటే తీసి, ఎడిటింగ్‌లో రివర్స్ చేస్తే ముందుకే వస్తుంది గానీ బరువు పడే తీరు మనిషిది కాదు. ఫ్రేములో పొగ, తిరిగే ఫ్యాన్ లాంటివి ఉంటే గుట్టు బయటపడుతుంది, చూసుకోండి. మనిషి మాయం కావాలంటే ట్రైపాడ్ కదలకుండా, ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేసి, మనిషితో ఒకసారీ ఖాళీగా ఒకసారీ తీసి కలపండి. కరెంటు పోయి మళ్లీ రావడం ఆ రెంటి మధ్య పెడితే కట్ కూడా కనపడదు.

బాల్కనీ అద్దంలో మనిషి

1862లో లండన్‌లో జాన్ హెన్రీ పెప్పర్ అనే ఆయన స్టేజీ మీద దెయ్యాన్ని చూపించి జనాన్ని హడలగొట్టాడు. స్టేజీ ముందు వాలుగా పెద్ద గాజు పలక, కింద గోతిలో దాక్కున్న నటుడి మీద లైటు. గాజులో అతని ప్రతిబింబం స్టేజీ మీద తేలింది. ఆ గాజు పలక మీ ఫ్లాట్‌లో ఇప్పటికే ఉంది, బాల్కనీ స్లైడింగ్ డోర్.

రాత్రి పూట హాల్లో లైట్లన్నీ ఆర్పండి. కెమెరాని అద్దానికి ఎదురుగా కాకుండా ఒక పక్కన, వాలుగా పెట్టి బాల్కనీ వైపు తిప్పండి. దెయ్యం వేషం వేసిన అమ్మాయి హాల్లోనే రెండో పక్కన, కెమెరాకి నేరుగా కనపడకుండా, అదే వాలులో నిలబడాలి. ఆమె వెనక నల్ల దుప్పటి కట్టండి, లేకపోతే మీ ఇంటి టీవీ స్టాండు కూడా దెయ్యంతో పాటు వస్తుంది. ఇప్పుడు ఆమె ఒక్కదాని మీదే, డిమ్మర్ ఉన్న చిన్న ఎల్‌ఈడీ ప్యానెల్‌ని సున్నా నుంచి మెల్లగా పెంచండి. ఖాళీ బాల్కనీలో మనిషి గాల్లోంచి రూపు కడుతుంది.

ఇక్కడొక లెక్క ఉంది, దీన్ని వాడుకోండి. ఆమె అద్దానికి ఎన్ని అడుగులు ఇవతల ఉంటే ప్రతిబింబం అన్ని అడుగులు అవతల కనిపిస్తుంది. బాల్కనీ వెడల్పు నాలుగడుగులైతే, ఆమెని ఎనిమిది అడుగుల దూరంలో నిలబెట్టండి. దెయ్యం పిట్టగోడ అవతల, నాలుగో అంతస్తు గాల్లో నిలబడి లోపలికి చూస్తుంటుంది. ఎవరినీ గోడ ఎక్కించక్కర్లేదు, ఎక్కించకూడదు కూడా.

ఫోకస్ దగ్గర చాలామంది బోల్తా పడతారు. అద్దం మీద పెడితే దెయ్యం మసకబారుతుంది. కెమెరా నుంచి అద్దానికి ఉన్న దూరం, అద్దం నుంచి ఆమెకి ఉన్న దూరం, రెండూ కలిపి అక్కడ ఫోకస్ పెట్టాలి. కెమెరా పట్టుకున్నవాళ్లు నల్ల బట్టలు వేసుకోవాలి, కెమెరా మీది ఎర్ర చుక్క లైటుకి టేపు అంటించాలి. రెండు పొరల గాజు ఉన్న తలుపైతే మొహం రెండుగా కనిపిస్తుంది. అది తప్పో ఒప్పో మీరే తేల్చుకోండి, నేనైతే ఉంచేశాను.

శబ్దం: డబ్బు ఇక్కడ పెట్టండి

మీ దగ్గర మూడు వేలే ఉంటే అందులో రెండు వేలు మైకుకి పెట్టండి. కళ్లు మూసుకుంటే బొమ్మ ఆగిపోతుంది, శబ్దం ఆగదు.

ముందు గది నిశ్శబ్దాన్ని రికార్డు చేయండి. ప్రతి లొకేషన్‌లో ఒక నిమిషం, ఫ్యాన్‌తో ఒకసారి, ఫ్యాన్ ఆపి ఒకసారి. కరెంటు పోయినప్పుడు ఫ్యాన్ నెమ్మదించి, ఫ్రిజ్ గరగర ఆగి, ఇన్వర్టర్ బీప్ అన్నప్పుడు ఇల్లంతా ఎలా మారిపోతుందో మనందరికీ తెలుసు. తెరమీద ఆ మార్పుని వినిపిస్తే చాలు, ఏ మ్యూజిక్కూ అక్కర్లేదు. ఎవరో దగ్గరికి వస్తున్నారన్న షాట్‌లో శబ్దాలు పెంచే బదులు ఒక్కొక్కటే తీసేసి చూడండి: ముందు రోడ్డు, తర్వాత కీచురాళ్లు, తర్వాత గడియారం.

ఎముక విరగాలంటే మునక్కాయ. మైకుకి జానెడు దూరంలో, తడిగుడ్డ చుట్టి విరవండి. గుడ్డ వల్ల చప్పుడు మాంసం లోపలి నుంచి వచ్చినట్టు ఉంటుంది. వేళ్లకి క్యారెట్, పక్కటెముకలకి తోటకూర కాడల కట్ట. కత్తి దిగడానికి పుచ్చకాయ, ఎండాకాలమైతే తర్వాత తినొచ్చు. దెయ్యం ఏదో తింటున్న సీన్‌కి మేం రకరకాలు ప్రయత్నించాం, చివరికి పని చేసింది గిన్నెలో పెరుగన్నం చేత్తో కలపడం. మైకుని గిన్నె అంచు దగ్గర పెట్టి, నెమ్మదిగా, వేళ్ల మధ్య నుంచి అన్నం పిసికితే వచ్చే ఆ తడి శబ్దాన్ని సగం వేగానికి తగ్గించి వేశాం. ఎడిట్ చేస్తున్న కుర్రాడు ఆ పూట భోజనం మానేశాడు.

గుసగుసలు కావాలంటే నటిని ఊపిరి వదులుతూ కాకుండా లోపలికి పీలుస్తూ మాట్లాడమనండి. మాటలు సగమే అర్థమవుతాయి, గొంతు ఎవరిదో తెలియదు. ఇవన్నీ కలపడానికి అడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, ఎడిటింగ్‌కీ రంగులకీ డావిన్సీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలు.

మన ఊళ్లో లైవ్ సౌండ్ తీయాలంటే రాత్రి ఒంటి గంట నుంచి నాలుగు వరకే. నాలుగున్నర దాటితే పాలవ్యాను, ఫజర్ అజాన్, గుడి మైకులో సుప్రభాతం, ఆపై బోరు మోటారు ఒకదాని వెనక ఒకటి మొదలవుతాయి. కుక్కలకి మాత్రం టైం టేబుల్ లేదు. అవి మొరిగిన టేకులు పారేయకండి, ఎక్కడో ఒకచోట పనికొస్తాయి.

చివరి చూపు

ఎడిట్ అయిపోయాక మొదట అనిపించేది "ఇంకా చీకటి చేద్దాం" అని. ఆగండి. మీ ఫిల్మ్‌ని ఎక్కువమంది చూసేది మెట్రోలోనో ఆఫీసు క్యాంటీన్‌లోనో, బ్రైట్‌నెస్ సగానికి తగ్గించిన ఫోన్‌లో. ఇంట్లో ఉన్న చవకైన ఫోన్‌లో వేసుకుని పట్టపగలు బాల్కనీలో నిలబడి చూడండి. నల్లటి పలకలా కనిపిస్తే నీడల్ని కొంచెం ఎత్తండి. శబ్దాన్ని మామూలు ఇయర్‌ఫోన్స్‌తోనూ, అవి లేకుండా ఫోన్ స్పీకర్‌తోనూ వినండి. లోతైన గుమ్మనే శబ్దాలు ఫోన్ స్పీకర్‌లో మాయమైపోతాయి, భయమంతా వాటి మీదే కడితే అక్కడ ఏమీ మిగలదు.

తర్వాత స్క్రిప్ట్ తెలియని మనిషిని పట్టుకోండి. ఫ్రెండ్స్ వద్దు, బాగుందంటారు. పక్కింటి ఇంటర్ కుర్రాడైతే మంచిది. ఫోన్ చేతికిచ్చి, మీరు తెర వైపు కాకుండా అతని బొటనవేలు వైపు చూస్తూ కూర్చోండి. వేలు పది సెకన్లు ముందుకి నొక్కడానికి ఎక్కడ లేచిందో ఆ నిమిషం, ఆ సెకను రాసుకోండి. ఇంటికొచ్చి ముందుగా కోయాల్సింది అక్కడే.